లైన్లో నిలబడలేనివాళ్లకి రేషన్ ఎవరిస్తారు?

పోయిన నెల ఇదే పేజీలో ఒకావిడకి జవాబిస్తూ "యుద్ధం వస్తే అన్నిటికంటే ముందు ఆగిపోయేది లిఫ్టు" అని మాటవరసకి ఒక వాక్యం రాశాను. ఆ ఒక్క వాక్యానికి వచ్చినన్ని ఉత్తరాలు ఈ మధ్య దేనికీ రాలేదు. కొందరు బాధపడ్డారు, కొందరు కోప్పడ్డారు, ఇద్దరు ముగ్గురు నాకే పాఠం చెప్పారు. అందుకే ఈ నెల పేజీ మొత్తం యుద్ధంలో వికలాంగులు ఏమవుతారన్న దానికే వదిలేశాను. కొత్తగా చదివేవాళ్ల కోసం నా సంగతి రెండు ముక్కల్లో: చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమకాలు చచ్చుబడింది, కాలిపర్ (కాలికి ఊతగా కట్టుకునే కడ్డీల పరికరం) వేసుకుని నడుస్తాను, కృత్రిమ కాళ్లు చేసే వర్క్‌షాపులో చాలా ఏళ్లు పనిచేశాను. యుద్ధాన్ని కళ్లారా చూసినదాన్ని కాదు. చూసినవాళ్లు చెప్పింది, రాసింది చదివి, నాకు తెలిసిన పనితో కలిపి చెబుతున్నాను.

ప్రశ్న: మేడమ్, టీవీలో యుద్ధం వార్తలు వచ్చినప్పుడల్లా పరిగెత్తేవాళ్లనే చూపిస్తారు. పరిగెత్తలేనివాళ్లు ఏమైపోతారు? వాళ్లని తీసుకెళ్లడానికి సైన్యమో, రెడ్‌క్రాసో, ఎవరో ఒకరు వస్తారు కదా? — ఒక రిటైర్డ్ టీచర్

జవాబు: రావాలి మాస్టారూ, కానీ చాలాసార్లు ఎవరూ రారు. ఇంట్లోవాళ్లే మోసుకెళ్తారు. మోయలేకపోతే వాళ్లూ అక్కడే ఉండిపోతారు. అదీ కాకపోతే మంచం పక్కన నాలుగు నీళ్ల సీసాలు పెట్టి, మళ్లీ వస్తామని చెప్పి వెళ్తారు, ఆ మాట నిలబడుతుందో లేదో చెప్పేవాళ్లకీ తెలీదు, వినేవాళ్లకీ తెలీదు.

నుజీన్ ముస్తఫా అని సిరియా అమ్మాయి, పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని కాళ్లూ చేతులూ మాట వినని పరిస్థితి. అలెప్పోలో వాళ్లుండేది ఐదో అంతస్తు, లిఫ్టు లేదు. ఊళ్లో బాంబులు పడుతుంటే కిందికి దిగడమే ఆ పిల్లకి ఒక యుద్ధం. 2015లో, పదహారేళ్ల వయసులో, అక్క వీల్‌చైర్ తోస్తుంటే దేశాలకి దేశాలు దాటుకుంటూ జర్మనీ చేరింది. 2019 ఏప్రిల్‌లో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి ముందు కూర్చుని సిరియాలో తనలాంటివాళ్ల పరిస్థితి ఏంటో మొహమాటం లేకుండా చెప్పింది. రెండు నెలలు తిరక్కుండా, అదే ఏడాది జూన్ 20న, యుద్ధంలో చిక్కుకున్న వికలాంగుల గురించి మండలి మొట్టమొదటిసారి ఒక తీర్మానం చేసింది. దాని నంబరు 2475. మొదటిసారి అన్నాను, గమనించారా? మండలి పుట్టింది 1945లో.

మీరు సైన్యం అన్నారు కాబట్టి ఇంకో సంగతి. 2023 అక్టోబర్ 13న ఉత్తర గాజాలో ఉన్న దాదాపు 11 లక్షల మందిని 24 గంటల్లో దక్షిణానికి వెళ్లిపొమ్మని ఇజ్రాయెల్ సైన్యం ఆదేశించింది. అప్పటికే కరెంటు పోయింది. బ్యాటరీతో నడిచే వీల్‌చైర్ ఉన్నవాళ్లు దాన్ని ఎక్కడ చార్జ్ చేసుకుంటారు? చేత్తో తిప్పుకునేదైతే మాత్రం, కూలిన గోడల రాళ్ల మీద చక్రం ఎలా వెళ్తుంది? ఉక్రెయిన్‌లో ఇంకో రకం కష్టం. 2022కి ముందే అక్కడ వైకల్యం ఉన్నట్టు నమోదైనవాళ్లు 27 లక్షల మంది దాకా ఉన్నారు. సైరన్ మోగితే దిగాల్సిన సెల్లార్లకి చాలాచోట్ల మెట్లే దారి. అందుకని కిందికి దిగలేనివాళ్లు అక్కడ అందరూ చెప్పుకునే "రెండు గోడల రూలు" పాటిస్తుంటారు, అంటే తమకీ బయటికీ మధ్య కనీసం రెండు గోడలు ఉండేలా నడవాలోనో బాత్‌రూమ్‌లోనో కూర్చోవడం. మొదటి గోడ పేలుడు ఆపుతుంది, రెండోది ఎగిరొచ్చే ముక్కల్ని ఆపుతుంది అని లెక్క. బాంబు నేరుగా ఆ బిల్డింగ్ మీదే పడితే ఆ లెక్క పనికిరాదు, అది వాళ్లకీ తెలుసు.

చట్టం లేదా అంటే, ఉంది. యుద్ధంలో పౌరుల రక్షణ కోసం చేసిన 1949 నాటి నాలుగో జెనీవా ఒప్పందం 16వ ఆర్టికల్ గాయపడ్డవాళ్లకీ, జబ్బుపడ్డవాళ్లకీ, అశక్తులకీ ప్రత్యేక రక్షణ ఇవ్వాలంటుంది. ముట్టడిలో ఉన్న చోటునుంచి వాళ్లని బయటికి తీసుకురావడానికి రెండు పక్షాలూ ఒప్పందానికి రావడానికి ప్రయత్నించాలని 17వ ఆర్టికల్ చెబుతుంది. "ప్రయత్నించాలి" దగ్గరే ఉంది తిరకాసంతా.

ప్రశ్న: మా నాన్నగారు వాడిన వీల్‌చైర్, ఆయన హియరింగ్ ఎయిడ్ రెండూ కొత్తవాటిలా ఉన్నాయి. మా స్నేహితుల ఇళ్లల్లో ఇంకో మూడు నాలుగు కుర్చీలు దొరుకుతాయి. యుద్ధం జరిగే చోటికి పంపించాలంటే ఎవరిని అడగాలి? — ఒక పాఠకుడు

జవాబు: మీ మనసు మంచిదండీ, కానీ పంపకండి. కోపం తెచ్చుకోకుండా ఎందుకో వినండి.

మా వర్క్‌షాపుకి ఒకసారి పద్నాలుగేళ్ల పిల్లని తీసుకొచ్చారు. వెన్నుపూస దెబ్బతిని నడుము కింద స్పర్శ లేదు. ఎవరో దాతలు కుర్చీ ఇచ్చారు, కొత్తదే, స్టిక్కర్ కూడా ఊడలేదు. కాకపోతే అది భారీ మనిషికి సరిపోయే కుర్చీ. పిల్ల సన్నగా ఉంది, ఆ సీట్లో పడిపోకుండా ఉండాలని ఎప్పుడూ ఎడమవైపుకి ఒరిగి కూర్చునేది. ఫుట్‌రెస్ట్ అందక కాళ్లు వేలాడేవి. కింద కుషన్ లేదు, ఉత్త రెక్సిన్ గుడ్డ. స్పర్శ లేదు కాబట్టి నొప్పి లేదు, నొప్పి లేదు కాబట్టి ఎవరూ చూడలేదు. వాళ్లమ్మ దుస్తులు మార్చేటప్పుడు వాసన వచ్చి చూస్తే పిరుదు మీద నా పిడికిలి పట్టేంత పుండు. ఆ పుండు మానడానికి నెలలు పట్టింది, అదీ ఆసుపత్రి, డ్రెస్సింగ్, మందులు అన్నీ అందుబాటులో ఉండబట్టి. అదే పుండు టెంటులో, శుభ్రమైన నీళ్లు లేనిచోట పడితే చీము రక్తంలోకి ఎక్కి మనిషి పోతాడు. కుర్చీ ఇచ్చి చంపడం అంటే ఇదే.

అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లోనే చెప్పింది, వీల్‌చైర్ అంటే సామాను కాదు, సేవ అని. మనిషిని కొలవాలి, కుర్చీని ఆ మనిషికి అమర్చాలి, వాడటం నేర్పాలి, పాడైతే బాగుచేయాలి. సీటు వెడల్పు తుంటికి సరిపోవాలి, మోకాలి వెనక రెండు మూడు వేళ్లు దూరేంత సందు ఉండాలి, కుషన్ తప్పనిసరి, కొంచెంసేపటికోసారి చేతుల మీద శరీరాన్ని పైకెత్తడం నేర్పాలి. ఆసుపత్రుల్లో కనిపించే మడత కుర్చీ ఉంది చూశారా, ముందు చిన్న చక్రాలతో, అది నున్నటి గచ్చు మీద రోగిని ఒక గదిలోంచి ఇంకో గదిలోకి తోయడానికి చేసింది. బురదలో, కంకరలో ఆ చిన్న చక్రాలు దిగబడతాయి, కూర్చున్నవాళ్లు ముందుకి బోర్లా పడతారు. అలాంటి చోట్లకి ముందు ఒకే చక్రం బాగా ముందుకి పెట్టిన పొడుగాటి మూడు చక్రాల కుర్చీ కావాలి. దాని ట్యూబూ టైరూ అక్కడి సైకిల్ షాపులో దొరికేవై ఉండాలి.

హియరింగ్ ఎయిడ్ సంగతీ అంతే. మీ నాన్నగారి చెవి కొలతకి తీసిన మోల్డు (చెవిలో పెట్టే అచ్చు) ఇంకొకరి చెవిలో కూర్చోదు. ఆయన వినికిడికి సెట్ చేసిన మెషీన్‌ని ఇంకొకరికి మార్చాలంటే పరీక్ష చేసే మనిషి కావాలి, బ్యాటరీలు కావాలి. ఈ రెండూ మీకు దగ్గర్లో ఉన్న ఆడియాలజిస్టుకిగానీ, కుర్చీలు అమర్చడం తెలిసిన సంస్థకిగానీ ఇవ్వండి, అవసరమైనవాళ్లు మీ చుట్టుపక్కలే ఉంటారు. దూరం పంపదల్చుకుంటే డబ్బు పంపండి. ఎవరికి అన్నది చివర్లో ఇంకొకరు అడిగారు, అక్కడ చెప్తాను.

ప్రశ్న: నేను ఫిజియోథెరపీ చదువుతున్నాను. మా క్లాసులో ఒక వాదన వచ్చింది. యుద్ధంలో కాలు పోయినవాళ్లకి కృత్రిమ కాలు పెడితే పునరావాసం దాదాపు అయిపోయినట్టే అని మా ఫ్రెండ్స్ అంటున్నారు. మీరేమంటారు? — ఒక విద్యార్థిని

జవాబు: అమ్మా, మీ ఫ్రెండ్స్‌ని ఒక వారం ఏదైనా లింబ్ సెంటర్‌కి పంపించు.

మొదలు ఆపరేషన్ దగ్గరే ఉంటుంది. మందుపాతర కాలిని కోయదు, చీలుస్తుంది. మట్టీ, గడ్డీ, చెప్పు ముక్కలూ కండలోకి పైదాకా ఎక్కించేస్తుంది. అందుకే యుద్ధంలో గాయం చూసే సర్జన్లు చెడిపోయిన కండ తీసేసి వెంటనే కుట్టెయ్యరు, నాలుగైదు రోజులు తెరిచి ఉంచి, శుభ్రంగా ఉందని తేలాక మూస్తారు. హడావుడిలో, అలవాటు లేనివాళ్లు కోస్తే ఎముక చివర మీద కండ దుప్పటి సరిగా మిగలదు. తర్వాత నాలాంటివాళ్లం ఎంత మంచి సాకెట్ (మిగిలిన కాలు దూరే గిన్నెలాంటి భాగం) చేసినా ఆ ఎముక మొన లోపల్నుంచి చర్మాన్ని పొడుస్తూనే ఉంటుంది. మళ్లీ ఆపరేషన్. ఇదంతా అయ్యాక వాపు తగ్గడానికి కట్టు, ప్లాస్టర్‌తో కొలత, సాకెట్, కాలు వంకర లేకుండా సర్దే అలైన్‌మెంట్, తర్వాత రెండు కడ్డీల మధ్య నడక. ఇక్కడ కావాల్సింది నువ్వు, అంటే ఫిజియో. కాలు ఇచ్చేసి నడక నేర్పకుండా పంపితే ఆ కాలు ఇంట్లో తలుపు వెనక నిలబడుతుంది. నేను చాలా తలుపుల వెనక చూశాను.

ఆ తర్వాతది లెక్క. పెద్దవాళ్లకి మూడు నుంచి ఐదేళ్లకోసారి కాలు మార్చాలి. ఎదిగే పిల్లలకి ఆరు నెలల నుంచి ఏడాదికోసారి, ఎందుకంటే కాలు పోయినా పైన ఎముక పెరగడం మానదు. ఎనిమిదేళ్ల పిల్లాడికి కాలు పోయిందనుకో, పద్దెనిమిదేళ్లు వచ్చేసరికి పది నుంచి ఇరవై కాళ్లు. గాజాలో గాయపడ్డవాళ్లలో కనీసం 22,500 మందికి ఏళ్లతరబడి పునరావాసం కావాల్సిన గాయాలయ్యాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో అంచనా వేసింది. ఒక్కొక్కరికీ ఈ లెక్క వేసి చూడు. కాల్పుల విరమణతో కెమెరాలు వెళ్లిపోతాయి, సాకెట్ మార్చే తేదీ మాత్రం వస్తూనే ఉంటుంది.

ఇలా ఏళ్లతరబడి అంటిపెట్టుకుని పనిచేసినవాళ్లు లేరా అంటే ఉన్నారు. కాబూల్‌లో అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ ఆర్థోపెడిక్ సెంటర్ 1988లో పెట్టింది. అల్బెర్తో కైరో అనే ఇటలీ ఫిజియోథెరపిస్టు 1990లో అఫ్గానిస్థాన్ వెళ్లి అక్కడే ఉండిపోయాడు. ప్రభుత్వాలు మారాయి, తుపాకులు పట్టినవాళ్లు మారారు, సెంటర్ నడుస్తూనే ఉంది. నాకు నచ్చింది ఆయన త్యాగం కాదు (త్యాగం కథలంటే నాకు కొంచెం ఎలర్జీ), ఆయన తీసుకున్న రెండు నిర్ణయాలు. మొదట యుద్ధంలో గాయపడ్డవాళ్లకే అన్న తలుపుని పోలియోవాళ్లకీ, పుట్టుకతో వైకల్యం ఉన్నవాళ్లకీ కూడా తెరిచారు. నాలాంటిదానికి ఆ మాట విలువ వేరే చెప్పక్కర్లేదు, మందుపాతర మీద అడుగేస్తేనే కాలిపర్ ఇస్తామంటే ఎలా? రెండోది, సెంటర్లో ఉద్యోగాలు వికలాంగులకే ఇవ్వడం. కాలు కొలిచేవాడికీ కాలుండదు, నడక నేర్పేవాడూ కృత్రిమ కాలి మీదే నిలబడి నేర్పుతాడు. కొత్తగా కాలు పోయి గోడవైపు తిరిగి పడుకున్న కుర్రాడికి ఆ మనిషిని చూడటమే సగం మందు. చిన్న వ్యాపారాలకి అప్పులు, ఇంటి దగ్గర చదువు, వీల్‌చైర్ బాస్కెట్‌బాల్, అన్నీ అక్కడే కలిశాయి. మీ క్లాసు వాదనకి ఇదే జవాబు.

ఇంకో పాయ, పని ఎక్కడ మొదలైందో తెలిస్తే బాగుంటుందని చెప్తున్నాను. 1982లో థాయ్‌లాండ్-కంబోడియా సరిహద్దు శిబిరాల్లో మందుపాతరలకి కాళ్లు పోయినవాళ్లకి ఇద్దరు ఫ్రెంచి డాక్టర్లు వెదురు, చెక్క, తోలులాంటి దొరికినవాటితో కాళ్లు చేయించడం మొదలుపెట్టారు. అదే హ్యాండిక్యాప్ ఇంటర్నేషనల్, 2018 నుంచి పేరు హ్యుమానిటీ అండ్ ఇంక్లూజన్. కాళ్లు చేసీ చేసీ విసిగిపోయి, అసలు మందుపాతరలే ఉండకూడదని మిగతా సంస్థలతో కలిసి ఉద్యమం పెట్టారు. 1997లో నిషేధ ఒప్పందం మీద సంతకాలు జరిగాయి, అదే ఏడాది ఆ ఉద్యమానికి నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. బాధితులకి సాయం చేయాలన్న బాధ్యత కూడా ఆ ఒప్పందంలోనే రాశారు. 2025లో లిథువేనియా, లాత్వియా, ఎస్టోనియా, ఫిన్లాండ్, పోలండ్ ఒక్కొక్కటిగా దాన్నుంచి బయటికొస్తామన్నాయి. వర్క్‌షాపుల్లో పని తగ్గే రోజు ఇప్పట్లో లేనట్టే.

మన జైపూర్ పాదం గురించి కూడా చదువు. 1968లో తయారైంది. స్పాంజి రబ్బరు, చెక్క కలిపి, పైన చర్మం రంగు రబ్బరు చుట్టి అచ్చులో కాలుస్తారు. చెప్పు లేకుండా నడవొచ్చు, గొంతుక్కూర్చోవచ్చు, తడిసినా ఫర్వాలేదు. అఫ్గాన్ యుద్ధంలో కాళ్లు పోయినవాళ్లు దాన్ని ఇష్టపడ్డారంటే కారణం అదే.

ప్రశ్న: "వికలాంగులు" అని రాస్తున్నారు. దివ్యాంగులు అనాలని మీకు తెలియదా?

జవాబు: తెలుసు. నాలో దివ్యమైనదేమీ లేదు, కాలిపర్ ఉంది. నచ్చినవాళ్లు దివ్యాంగులు అనుకోండి, విభిన్న ప్రతిభావంతులు అనుకోండి, నాకు పేచీ లేదు, ముందు ర్యాంపు కట్టండి.

ప్రశ్న: కాస్త కటువుగా అడుగుతున్నాను. కాళ్లూ చేతులూ ఉన్నవాళ్లకే తిండీ నీళ్లూ లేనప్పుడు ర్యాంపులూ, స్పెషల్ టాయిలెట్లూ అంటే అది ఆచరణలో అయ్యే పనేనా? ఉన్నదాంతో ఎక్కువమందిని కాపాడటం న్యాయం కాదా? — ఒక ఇంజినీరు

జవాబు: చాలామంది మనసులో అనుకుని బయటికి అనని మాట మీరు అన్నారు, సంతోషం. ఇంజినీరు కాబట్టి కొలతల్లోనే మాట్లాడుకుందాం.

సహాయ సంస్థలన్నీ వాడే స్ఫియర్ అనే ప్రమాణాల పుస్తకం ఉంది. మనిషికి రోజుకి కనీసం 15 లీటర్ల నీళ్లు, కొళాయి అర కిలోమీటరు లోపు, టాయిలెట్ 50 మీటర్ల లోపు, 20 మందికి ఒకటి. కాగితం మీద బాగుంది. ఇప్పుడు రెండు చంక కర్రల మీద నడిచే మనిషిని ఆ కొళాయి దగ్గర నిలబెట్టండి. నీళ్లు పట్టే డబ్బా 20 లీటర్లు, అంటే 20 కిలోలు. రెండు చేతులూ కర్రలకే సరిపోయాయి. డబ్బా ఎక్కడ పట్టుకోవాలి? కొళాయిలో ఆయన వాటా నీళ్లు రోజూ వస్తాయి, రిపోర్టులో "అందరికీ 15 లీటర్లు అందుతున్నాయి" అని రాస్తారు, ఆయన మాత్రం పక్క టెంటు పిల్లాడి దయ మీద తాగుతాడు. రేషన్ కూడా అంతే, లారీ వస్తుంది, ఎండలో మూడు గంటల లైను, పాతిక కిలోల బస్తా. లైన్లో నిలబడలేనివాడికి ఇవ్వకూడదని ఎవరూ అనలేదు. ఇవ్వలేదు, అంతే.

టాయిలెట్ సంగతి అయితే ఇంకా దారుణం. తలుపు ఇరుకు, ముందు రెండు మెట్లు. అందుకని పాక్కుంటూ వెళ్తారు, ఆ నేల మీద, అరచేతులతో, ఊహించండి. ఆడవాళ్లయితే చీకటి పడేదాకా ఆపుకుంటారు, ఆపుకోవడం కష్టమని తినడం, తాగడం తగ్గించేస్తారు. అంటే మీరు పంపిన తిండి అందినా తినరు. ఎందుకు చిక్కిపోతున్నారని వెతికితే కారణం వంట దగ్గర ఉండదు, టాయిలెట్ తలుపు దగ్గర ఉంటుంది.

ఖర్చు అంటారా? తలుపు 80, 90 సెంటీమీటర్ల వెడల్పు పెట్టడానికీ, 60 పెట్టడానికీ తేడా రెండు చెక్కముక్కలు. అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు ర్యాంపు, మట్టీ కంకరా దిమ్మిసా కొట్టినా చాలు. లోపల పట్టుకోవడానికి ఒక కర్ర. కట్టేముందు అనుకుంటే ఇంతే, కట్టేశాక పగలగొట్టాలంటే అప్పుడు మీరన్న ఖర్చు వస్తుంది. రేషన్‌కి పెద్ద ఖర్చే లేదు, పాతిక కిలోల బస్తాకి బదులు ఐదు కిలోల సంచులు, రాలేనివాళ్ల తరఫున ఇంకొకరు తీసుకునేలా కార్డు, వారానికోసారి టెంటు దగ్గరికే ఇవ్వడం.

"ఎక్కువమంది" అన్నారు చూడండి, ఆ లెక్కా చూద్దాం. ప్రపంచంలో 130 కోట్ల మందికి, అంటే వందలో 16 మందికి, చెప్పుకోదగ్గ వైకల్యం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. యుద్ధం దానికి రోజూ కొందరిని కలుపుతుంది. ఆ ర్యాంపు మీద నిండు గర్భిణి నడుస్తుంది, ముసలాయన నడుస్తాడు, కాలికి పిండికట్టుతో ఉన్నవాడు నడుస్తాడు. అందరినీ కలిపితే మీ ఎక్కువమంది ఎటువైపు తేలతారో మీరే కూడండి.

ప్రశ్న: నాకు పుట్టుకతో వినికిడి లేదు. బయటికి చూస్తే ఎవరికీ తెలియదు. శిబిరాల్లో మాలాంటివాళ్లని ఎలా గుర్తిస్తారు? అసలు గుర్తిస్తారా? — ఒక పాఠకుడు

జవాబు: సరిగ్గా అడిగారు, ఎందుకంటే నా కాలిపర్ దూరం నుంచే కనిపిస్తుంది, మీది కనిపించదు. రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర కూర్చున్నవాళ్లు సాధారణంగా మనిషిని ఒకసారి పైనుంచి కిందికి చూసి, కుర్చీ ఉంటే టిక్ పెడతారు. లేదా "మీ ఇంట్లో వికలాంగులున్నారా" అని అడుగుతారు. సిగ్గుతోనో, భయంతోనో, పిల్లని వేరు చేస్తారేమో అనో చాలామంది లేరంటారు. అందుకని వాషింగ్టన్ గ్రూప్ ప్రశ్నలని ఆరు వచ్చాయి, ఐక్యరాజ్యసమితి గణాంక కమిషన్ కింద ఏర్పడ్డ బృందం తయారుచేసింది. అద్దాలు పెట్టుకున్నా చూడటం కష్టమా, మెషీన్ పెట్టుకున్నా వినడం కష్టమా, నడవడం లేదా మెట్లెక్కడం, గుర్తుపెట్టుకోవడం, స్నానం చేయడం దుస్తులు వేసుకోవడంలాంటి సొంత పనులు, మాట అర్థం చేసుకోవడం చెప్పడం. వైకల్యం అన్న మాటే ఎక్కడా రాదు. కష్టం లేదు, కొంచెం, బాగా కష్టం, అస్సలు కుదరదు, ఈ నాలుగింట్లో ఒకటి చెప్తే చాలు. ఆరు ప్రశ్నలకి పట్టే టైము ఎంత? రెండు మూడు నిమిషాలు.

మీకు అసలు ప్రమాదం శిబిరం కంటే ముందే ఉంది. సైరన్ వినిపించదు. చెక్‌పోస్టు దగ్గర వెనకనుంచి "ఆగు" అని అరిస్తే ఆగరు, ఆగనివాడు శత్రువని తుపాకీ పట్టుకున్న కుర్రాడు అనుకుంటాడు. ఉక్రెయిన్‌లో 2022 మార్చిలోనే వైమానిక దాడి హెచ్చరికలు ఫోన్‌కి పంపే యాప్ తెచ్చారు. చెవి పనిచేయనివాళ్లకి ఫోన్ వణకడం, వెలుగు మెరవడం చెవితో సమానం. దానికీ చార్జింగ్ కావాలి, సిగ్నల్ కావాలి. అందుకే వినికిడి లేనివాళ్లకి అక్కడ పవర్ బ్యాంక్ కూడా మందులాంటిదే. సహాయ కిట్లలో పెట్టేవాళ్లకి ఈ సంగతి ఎవరైనా చెవిటివాళ్లే చెప్పాలి, మాకు తట్టదు.

ప్రశ్న: మా బాబుకి ఆటిజం. గట్టిగా ఉరిమితేనే గంటసేపు చెవులు మూసుకుని ఏడుస్తాడు. యుద్ధం వార్తలు చూసినప్పుడల్లా వీడిని అక్కడ ఊహించుకుని నాకు టెన్షన్ వచ్చి నిద్ర పట్టడం లేదు. అలాంటి పిల్లల గురించి ఎవరైనా ఆలోచిస్తారా? — ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు రాత్రిళ్లు వార్తలు చూడటం మానేయండి. మీరు నిద్రపోకపోతే అక్కడెవరికీ మేలు జరగదు, బాబుకి తెల్లారే కావాల్సింది మీరే.

ఆలోచించేవాళ్లు ఉన్నారు, కానీ అందరికంటే ఆలస్యంగా. ఈ పిల్లలకి రోజూ అదే కంచం, అదే దారి, అదే టైము ఉండటమే ఇల్లు. బంకర్‌లో యాభైమంది మధ్య, చీకట్లో, అన్నీ ఒకేసారి పోతాయి. పిల్లాడు అరుస్తాడు, చుట్టూ ఉన్నవాళ్లకి అప్పటికే ప్రాణం గొంతులో ఉంటుంది, "ఆ పిల్లాడిని ఆపండి" అంటారు. దాంతో తల్లి వాడిని తీసుకుని పైకి, ప్రమాదం ఉన్న చోటికే, వెళ్లిపోతుంది. అనుభవం ఉన్న సంస్థలు చేసే పని చూడ్డానికి చాలా చిన్నది. ఒక మూల దుప్పటి కట్టి వేరు చేయడం, శబ్దం తగ్గించే హెడ్‌ఫోన్లు, తర్వాత ఏం జరగబోతోందో చూపించే బొమ్మల కార్డులు, తల్లి రెండు గంటలు కళ్లు మూసుకునేలా పిల్లాడితో కూర్చునే మనిషి.

మందుల సంగతి ఇంకోటి. మూర్ఛకి రోజూ మాత్ర వేసుకునేవాళ్లకి అది ఒక్కసారిగా ఆగిపోతే ఫిట్స్ ఆగకుండా వచ్చి ప్రాణం మీదికి వస్తుంది. బాంబు దెబ్బ తగలకుండా యుద్ధంలో పోయినవాళ్ల లెక్కలో ఇలాంటివాళ్లు ఎంతమందో ఎవరూ రాసుకోరు. యుద్ధం జరిగిన చోట్ల ఉండే ప్రతి ఐదుగురిలో ఒకరికి డిప్రెషన్, ఆందోళనలాంటి ఏదో ఒక మానసిక సమస్య ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో లెక్కగట్టింది. అలా చూస్తే మీ బాబు వేరే జాతి ఏం కాదు, మిగతావాళ్లకి బయటికి రానిది వాడికి వెంటనే బయటికొస్తుంది.

ప్రశ్న: చేతిలో కొంచెం డబ్బుంది. ఏ సంస్థకి ఇస్తే నిజంగా వికలాంగులకి చేరుతుంది? — ఒక ఉద్యోగిని

జవాబు: పేర్లంటే, కృత్రిమ అవయవాలూ పునరావాసం అయితే అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ 1979 నుంచి చేస్తోంది, హ్యుమానిటీ అండ్ ఇంక్లూజన్ గురించి పైన రాశాను. వీళ్లే అని కాదు, ఎవరికిచ్చినా ముందు ఒక మెయిల్ పెట్టి మూడు సంగతులు కనుక్కోండి. పోయిన ఏడాది మీ సాయం అందుకున్నవాళ్లలో వైకల్యం ఉన్నవాళ్లు ఎంతమంది? మీరిచ్చిన కుర్చీ లేదా కాలు ఆరు నెలల తర్వాత విరిగితే ఎవరి దగ్గరికి వెళ్లాలి? మీ ఉద్యోగుల్లో వికలాంగులు ఎవరు, ఏ పనిలో ఉన్నారు? మొదటిదానికి చాలామంది ఏదో ఒక నంబరు చెప్పగలరు. రెండోదానికి తడుముకుంటే డబ్బు ఇంకోచోట ఇవ్వండి. మూడోదానికి "ఒకరు రిసెప్షన్‌లో ఉన్నారు" అని జవాబొస్తే ఆ మెయిల్ నాకు పంపండి, వచ్చే నెల పేర్లు తీసేసి వేసుకుందాం.